మునెప్ప బోణీ, సరోజ పేరు ఎదుట సున్నా

2003లో నన్ను మదనపల్లెలో ఒక పాల సంస్థ ప్రధాన కార్యాలయంలో సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. పుంగనూరు, కుప్పం పాలకేంద్రాల కంప్యూటర్లు కూడా నా కిందే ఉండేవి. పాల లెక్కలు ఎక్కించే సాఫ్ట్‌వేర్‌కు మనిషికొక లైసెన్సు చొప్పున ఏటా కొనాలి. వాడనివాళ్ల లైసెన్సులు తీసేద్దామని జనరల్ మేనేజరు అన్ని కంప్యూటర్లలో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టించారు. ఎవరి లాగిన్‌తో ఏ సాఫ్ట్‌వేర్ తెరిచారో, ఎంతసేపు పని జరిగిందో అది చడీచప్పుడు లేకుండా రాసుకుని, ఫోను లైను మీద మాకు పంపేది. మా వాళ్లు దీన్ని మీటరింగ్ అంటారు.

పుంగనూరు రిపోర్టు అక్కడి పనికి సరిగ్గా సరిపోయింది. దాంతో మేనేజరుకు దాని మీద ఎక్కడలేని గురి కుదిరింది. కుప్పం రిపోర్టులో మాత్రం ఆపరేటరు సరోజ పేరు ఎదుట అంతా సున్నా. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ ఏడాదే పర్మినెంటు కావలసి ఉంది. గుడుపల్లె దగ్గర కూలి చేసుకుని బతికే కుటుంబం వాళ్లది, నెలజీతం ఇంటికి తెచ్చిన మొదటి మనిషి ఆమే. మేనేజరు లైసెన్సుతోపాటు పోస్టు కూడా రద్దు చేసి, లైసెన్సు తీసి రమ్మని నన్ను కుప్పం పంపారు.

నేను వెళ్లేసరికి హెడ్ క్లర్కు మునెప్ప ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, తన లాగిన్‌తో సాఫ్ట్‌వేర్ తెరిచి లేచాడు. అదే కుర్చీలో సరోజ కూర్చుని తలెత్తకుండా పని మొదలుపెట్టింది. ఇదేం పద్ధతని అడిగాను.

"మొదట్లో ఈ పాప తెరిస్తే కరెంటు పొయ్యి, ఎక్కించిందంతా పోతాండె సార్. ఒగ దినం నేను తెరిస్తి, ఏమీ కాలేదు. అప్పట్నుంచి బోణీ నాదే. నా సెయ్యి మంచిదంటారు ఈడ" అన్నాడు మునెప్ప.

ఆమె పనంతా మునెప్ప పేరు కిందే పడుతోందని, అందుకే ఆమె పోస్టు రద్దయిందని చెప్పక తప్పలేదు. "అయితే పాప కూడు నేనే తీసినానా సార్?" అన్నాడు మునెప్ప. సరోజ అడ్డొచ్చి, "ఆయప్పనేమీ అనొద్దండి, నా మంచికే చేసినాడు" అంది.

లైసెన్సు ముట్టుకోకుండా తిరిగొచ్చి, జరిగిందంతా మేనేజరుకు నోట్ పెట్టాను. కంప్యూటరు అబద్ధమాడదు, మనుషులే ఆడతారని ఆయన దాన్ని పక్కన పడేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పనికి ఇంకొకరిని పంపారు, సరోజ ఉద్యోగం పోయింది.

మరుసటి నెల కుప్పం రిపోర్టు వచ్చింది. రోజూ పొద్దున మునెప్ప పేరుతో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ఆ తర్వాత రోజంతా పనేమీ లేదు. పాల లెక్కలు పేరుకుపోయి రైతులు గొడవకు దిగారు. అప్పుడు మేనేజరు సరోజను పిలిపించమన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పైగా పోస్టు రద్దయింది కాబట్టి దినకూలి కింద రమ్మనమన్నారు.

మునెప్పే వాళ్లింటికి వెళ్లాడు. అప్పటికి ఆమె రోజూ రైలెక్కి బెంగుళూరు గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోతోంది. మునెప్ప తిరిగొచ్చి నాకు ఫోను చేశాడు.

"రానంటాది సార్. కూలికి మా యమ్మ పోతాండాది గదా, మళ్లా నేనూ యాల అనింది."

ఫోను పెట్టేశాడు.

లాగిన్ వెనక కూర్చున్నది ఎవరో మీటరింగ్‌కు తెలియదు. ఆ తర్వాత నేను దాన్ని ఎక్కడ పెట్టవలసి వచ్చినా, ముందు ఒక రోజు అక్కడ కూర్చుని, ఏ కుర్చీలో ఎవరు పని చేస్తున్నారో చూసుకునే పెట్టాను.