పిన్నుల జేబు

మా కడియం నర్సరీలో మొక్కలు లారీకెక్కించే పని చూసే పెద్దాయనకి ఓ అలవాటుండేది. లారీ కదలగానే ఎడమచెయ్యి చొక్కా జేబు మీద వేసుకుని, లోపల ఏదో ఉన్నట్టు వేళ్ళతో తడుముకునేవారు. ఆ జేబులో ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. వెనక నిలబడి నేనూ అలాగే చేసి చూపిస్తే కూలీలు పడీపడీ నవ్వేవారు.

ఆయన వాయుసేనలో విమానాలకి బాంబులు బిగించే పనిచేసి రిటైరయ్యారని మాత్రం తెలుసు. సరిహద్దు అవతల మనవాళ్ళు బాంబులేశారని టీవీలో చెప్పిన రోజు, కాజాల పొట్లం పట్టుకెళ్ళి అందరి ముందూ అడిగాను.

"నోరు తీపి చేసుకోండి బాబాయ్‌గారూ! యుద్ధంలో మీరు బిగించినవి ఎంతమందిని లేపేసుంటాయండీ?"

ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది.

"తెలీదండి. విమానం కదిలేముందు ఒక్కో బాంబుకీ అది పేలకుండా పెట్టిన సేఫ్టీ పిన్ను లాగేసి, పైలట్‌గారికి చూపించి, జేబులో వేసుకునేవాణ్ణి. ఒక్కోసారి బాంబులు వెయ్యకుండానే వెనక్కి తెచ్చేసేవారు. మళ్ళీ పిన్నులు పెట్టేసేవాణ్ణి. ఆ పూట అన్నం సయించేదండి."

"వేసేసి వస్తేనో?" అన్నాను, ఇంకా నవ్వుతూనే.

"పిన్నులు జేబులోనే ఉండిపోయేవండి."

నా మాట తీసెయ్యలేక ఓ కాజా అందుకున్నారు. తినలేదు, ఆ జేబులోనే వేసుకున్నారు. పాకం ఊరి చొక్కా మీద మరక పాకుతుంటే, దానిమీదే చెయ్యి వేసుకుని లారీ వైపు నడిచారు.

మిగతా కాజాలు నేనెవరికీ పంచలేకపోయాను.