బాబాయి ఎన్నడూ చూడని తొమ్మిదో గుంత

మా బాబాయి లిఫ్టులు బాగుచేస్తాడు. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయి లోపల జనం కేకలు పెడుతుంటే, పనిముట్ల పెట్టె పట్టుకుని పరుగెత్తేది ఆయనే. తలుపు సందులోంచి కబుర్లు చెబుతూ, జోకులు వేస్తూ, చివరి మనిషి బయటికి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలడు. ఒకసారి జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా పని సగంలో వదిలి రాలేదు. అలాంటి మనిషి ఫోనులో గోల్ఫు ఆడేటప్పుడు మాత్రం, ఓటమి కనిపించగానే కాలికి బుద్ధి చెబుతాడు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆట సులువే. తొమ్మిది గుంతలు. ఎక్కడో ఉన్న, ముక్కూ మొహం తెలియని మనిషితో పోటీ. తక్కువ దెబ్బల్లో బంతిని గుంతల్లో వేసినవాడిది గెలుపు. అయితే ఆ ఆట తయారుచేసినవాళ్ళు ఒక సందు వదిలేశారు. మధ్యలో ఇంటర్నెట్ పోతే, పోయినవాడి లెక్కలో ఆ ఆట చేరదు. మిగిలినవాడికి గెలుపు వస్తుంది. మా బాబాయి ఆ సందులో కాపురం పెట్టేశాడు. వెనకబడ్డాడా, చెయ్యి చాచి గోడకున్న వైఫై ప్లగ్గు లాగేస్తాడు. నేను వాళ్ళింట్లో ఉండి చదువుకుంటున్నాను. నేను ఆన్‌లైన్ పాఠం వింటున్నా, పిన్ని వాళ్ళక్కతో వీడియోలో మాట్లాడుతున్నా ఆయనకి పట్టదు.

"అయ్యో, నెట్టు పోయిందే!" అనేవాడు, ప్లగ్గు చేతిలో పట్టుకుని మరీ.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని వదిలిరారు గానీ, ఆటలో మాత్రం ఎదుటివాణ్ణి నడిమధ్యలో వదిలేస్తారు," అనేది పిన్ని.

"నూటికి నూరు గెలుపులే! ఒక్క ఓటమి చూపించు!" అని ఆయన ఫోను మా మొహాల ముందు పెట్టేవాడు. ఆ నూరే ఆయన ప్రాణం. తోటి మెకానిక్కులకి చూపించేవాడు. లిఫ్టులోంచి అప్పుడే బయటపడి ఊపిరి పీల్చుకుంటున్నవాళ్ళకి కూడా చూపించేవాడు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. అంత గొప్ప అంకె ఉన్నవాడికి జోడీగా దొరికేవాళ్ళు దాదాపు అందరూ ఆయన బాపతే. బాబాయి ముందుంటే వాళ్ళు మాయం. వాళ్ళు ముందుంటే బాబాయి మాయం. ఇన్నేళ్ళుగా ఆడుతున్నా ఐదో గుంత దాటి ఆయన ఎన్నడూ వెళ్ళలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఆయనకి నత్త తగిలింది. ఆ ఆటగాడు పెట్టుకున్న పేరే అది, బొమ్మ కూడా నత్తదే. పేరు కింద గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. బాబాయి పొంగిపోయాడు.

"అమ్మాయ్, మెత్తటివాడు దొరికాడు!"

మూడు గుంతలయ్యేసరికి బాబాయి ముందున్నాడు. నత్త పోలేదు. నాలుగోది అయింది, ఐదోది అయింది. అయినా పోలేదు.

"ఏంటి వీడు, ఇంకా ఉన్నాడు? సిగ్గుండక్కర్లేదూ!" అన్నాడు బాబాయి. నేను పుస్తకం మూసేసి ఆయన పక్కన చేరాను. ఆరో గుంత తెరుచుకుంది.

"ఏమేవ్, ఇలా రా! ఇక్కడ చెరువుంది! చెక్క వంతెన కూడా ఉంది!"

బట్టలు మడతపెడుతున్న పిన్ని చేతిలో తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చింది. తెలియని చోటు కదా, బాబాయి బంతి నీళ్ళలో పడింది. ఇంకోటి కొడితే అదీ పడింది. నత్త తాపీగా వంతెన పక్కనుంచి కొట్టుకుంటూ పోయి ఒక దెబ్బ ముందుకెళ్ళింది. బాబాయి చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది. ఇంతదాకా వచ్చాక లాగేస్తే నేను ఊరుకునేదాన్ని కాదు.

"బాబాయ్! ఏడోది ఎలా ఉంటుందో చూడవా?"

చెయ్యి ఆగింది. "సరే, అది చూసి లాగేస్తా," అన్నాడు.

ఏడోది ఇసుక దిబ్బలు. ఎనిమిదో దాంట్లో జెండా చిరిగిపోయేంత గాలి. "ఇదొక్కటి చూసి లాగేస్తా," అంటూనే ఉన్నాడు, ఆడుతూనే ఉన్నాడు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. ఎనిమిదోది ముగిసేసరికి స్కోరు సమానమైంది. నేను కుర్చీ మీద నిలబడ్డాను. పిన్ని తువ్వాలుని పిండేస్తోంది.

తొమ్మిదో గుంత సముద్రం పక్కన, రాతి అంచు మీద ఉంది. ముగ్గురం నోరెళ్ళబెట్టి చూశాం. నత్త ఐదు దెబ్బల్లో ముగించింది. బాబాయి నాలుగు కొట్టేశాడు. బంతి గుంతకి బారెడు దూరంలో ఆగింది. వేస్తే ఇద్దరూ సమానం, నూరు నిలుస్తుంది. తప్పితే నూరు పోతుంది.

"లాగెయ్యండి, ఇంకా టైముంది," అంది పిన్ని. ఈసారి ఆవిడ గొంతులో వెటకారం లేదు. ఆ అంకె పోతే ఆయన ఎంత బాధపడతాడో ఆవిడకి తెలుసు.

బాబాయి ప్లగ్గు వైపు చూశాడు. ఫోను వైపు చూశాడు.

"వాడు ఇంతసేపూ కూర్చున్నాడే," అన్నాడు. "నాతో ఎవడూ ఇంతదాకా కూర్చోలేదు."

కొట్టాడు. బంతి దొర్లుకుంటూ గుంత దాకా వెళ్ళింది. అంచు చుట్టూ తిరిగింది. "పడు, పడు!" అని పిన్ని అరిచింది. పడలేదు.

నూరు కాస్తా తొంభై తొమ్మిదయింది. ఫోను గోడకేసి కొడతాడేమోనని నేను కుర్చీ దిగి చెయ్యి అడ్డం పెట్టాను. ఇంతలో తెర మీద ఇద్దరు బుల్లి ఆటగాళ్ళు ఎదురెదురుగా నడిచొచ్చారు. టోపీలు తీశారు. చేతులు కలిపారు. ఇద్దరూ చివరిదాకా ఉంటేనే కనిపించే దృశ్యం అది. అన్ని వందల గెలుపుల్లో బాబాయి దాన్ని ఒక్కసారీ చూడలేదు.

"చూశావా, చెయ్యి కలిపాడు! నేను ఓడిపోయినా చెయ్యి కలిపాడే!" అంటూ బాబాయి లేచి పిన్ని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తర్వాత నా చెయ్యి. మేం ముగ్గురం వెర్రివాళ్ళలా నవ్వుతున్నాం. ఆ బొమ్మ మాయమయ్యేలోపే ఆయన గబగబా కూర్చుని నత్తకి రాశాడు.

"ఇంకో ఆట ఆడదామా? నేను ఎక్కడికీ పోను."