నిరుడే పోసిన ఒడిబియ్యం

పోయిన నెలలోనే మా ఇంటి నుంచి ఆత్మకూరుకు వెళ్లిన మేనత్త చనిపోయిందని పొద్దున్నే ఫోనొచ్చింది. చేసింది వాళ్ల పక్కింటాయన. "నీకెవరు చెప్పారు? నువ్వు చూశావా?" అని గద్దించాను. పాపం, ఆయన బిత్తరపోయాడు. ఆ ప్రశ్నలు నావి కావు, అత్తవి.

అత్తకు దేనిమీదా నమ్మకం లేదు. పాలల్లో వేలు ముంచి చూసేది. బస్సు బోర్డు చదివాక కూడా కండక్టర్ని అడిగేది. "నమ్మి చెడినోళ్లు లేరంటరు గానీ, నాకు కనపడ్డోళ్లంత గట్ల చెడినోళ్లే" అనేది. మీకు నవ్వొస్తుందేమో గానీ, మాకు మాత్రం ప్రాణం విసిగేది.

ఆ మధ్య కడుపునొప్పి ముదిరితే ఆమెను వనపర్తికి, మా ఇంటికి తెచ్చాం. దవాఖానలో డాక్టరు మా నాయనను బయటికి పిలిచి, ఇక చేసేదేమీ లేదన్నాడు. సొంత అక్కకు ఆ మాట నాయన చెప్పలేకపోయాడు. "ఏం లేదక్కా, గ్యాసే" అన్నాడు. మమ్మల్నీ అదే చెప్పమన్నాడు.

ఆ సాయంత్రం నేను టీవీలో అంతరిక్ష ప్రయాణాల సీరియల్ చూస్తుంటే అత్త పక్కన చేరింది. ఆనాటి భాగంలో, నౌకలో ఉన్న ఒక ముసలాయన పుట్టిన గ్రహమే పేలిపోయింది. ఆయనకు తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు. ఆయనకిష్టమైన పండ్లు వెతికి తెచ్చి, నవ్వుతూ తినిపిస్తున్నారు.

"ఏందో దాస్తున్నరు" అంది అత్త.

"నీకెట్ల తెల్సు?"

"పండుగ లేదు, పబ్బం లేదు. ఊరికెనే ఎవరన్న గంత ప్రేమ జేస్తరా? ముసలోడు తిక్కలోడు, తింటుండు."

మర్నాడు నాయన కొత్త చీర తెచ్చి, అక్కకు ఒడిబియ్యం పోస్తానన్నాడు. మా వైపు ఇంటి ఆడబిడ్డకు మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటివాళ్లు చీర పెట్టి, కొంగులో బియ్యం పోసి పంపుతారు. అత్తకు నిరుడే పోశారు. నాయనకు ఆ సంగతి తెలియక కాదు, మూడేళ్లు నిండేదాకా ఆగే ధైర్యం లేదు.

అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. "నిరుడే పోసిరి, మల్ల ఇప్పుడేంది? నాకు గూడ పండ్లు పెడుతున్నరా?"

నాయన వింటున్నాడేమోనని నేను గుమ్మం వైపు చూశాను.

"నువ్వన్న నిజం జెప్పు అల్లుడా. గ్యాసన్నవనుకో, మల్ల నీ మొఖం సూడ."

చెప్పేశాను. నాకే ఏడుపు ఆగలేదు. ఎవరినీ నమ్మని మనిషి ఆ ఒక్క మాటకు నన్ను నమ్మింది. అందుకు ఎప్పటికీ ఆమెకు రుణపడి ఉంటాను. కాసేపటికి నా చేతులు పట్టుకొని, "నాకు తెల్సని మీ నాయనకు జెప్పకు. వాడు పిరికోడు, తట్టుకోడు" అంది.

అత్తను పీటమీద కూర్చోబెట్టి అమ్మా నాయనా ఒడిబియ్యం పోశారు. నాయన అక్క మొహం చూడలేక ఎటో చూస్తూ పోస్తుంటే, పసుపు బియ్యం నేలమీద పడుతున్నాయి. అత్త కొంగు ఇంకాస్త వెడల్పుగా పట్టింది.

"ఏంది తమ్మీ, చీర అంచు గింత సన్నగుంది? దుకాణపోడు నిన్ను మంచిగ మోసం జేసిండు. మల్ల మూడేండ్లకు పోసేటప్పుడు నన్ను గూడ తోల్కపో, నేనే సూసి తీసుకుంట."

నాయన నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు. "అట్లనే అక్కా" అంటూ ఇంకో దోసెడు పోశాడు. అత్త నావైపు చూడనే లేదు. తల వంచుకొని, ఒక్క గింజ కూడా జారకుండా కొంగు ముడి వేసుకుంటోంది.