ప్రత్యర్థి చేతిలో ఓటు

డాక్టర్ యజ్ఞనారాయణ డెబ్భై ఎనిమిదేళ్ళ జీవితంలో ఏ వాదనలోనూ ఓడిపోలేదు. ఓడిపోయానని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు కాబట్టి లెక్కకు అంతే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనుషుల్ని మనం చాలామందిని చూస్తుంటాం. ఈయన అక్కడితో ఆగడు. నాలుగో కాలు కనిపిస్తోందన్నవాడికి కళ్ళు పరీక్ష చేయించుకొమ్మని సలహా కూడా ఇస్తాడు.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, డెబ్భై రెండులో ఇంగ్లండు వెళ్ళాడు. గుండె డాక్టరు కావాలని ఆయన కోరిక. లాంకషైర్‌లో థార్న్‌డేల్ అనే మిల్లుల ఊళ్ళో ముసలివాళ్ళ వార్డు ఇచ్చారు. ఆ రోజుల్లో మనవాళ్ళకు దక్కేవి అవే. అక్కడే పదకొండేళ్ళు పనిచేశాడు. కన్సల్టెంటు పోస్టుకు ఆరుసార్లు ఇంటర్వ్యూకు వెళ్ళి, ఏడోసారి వచ్చిన ఉత్తరాన్ని చించి పొయ్యిలో పడేసి, భార్య ప్రమోదనూ నాలుగేళ్ళ కూతురు విద్యనూ వెంటబెట్టుకుని అమెరికా వచ్చేశాడు. ముప్పై ఏడేళ్ళ వయసులో, తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన నిలబడి షికాగోలో మళ్ళీ రెసిడెన్సీ మొదలుపెట్టాడు. పట్టుబట్టి గుండె డాక్టరే అయ్యాడు. ఇప్పుడు రిటైరై నేపర్‌విల్‌లో ఉంటున్నాడు. తనదీ భార్యదీ బ్రిటిష్ పాస్‌పోర్టులను మాత్రం పదేళ్ళకోసారి రెన్యూ చేయించుకుంటూనే ఉన్నాడు. ఎందుకని ప్రమోద అడిగితే, “ఉండనీ, తినడానికి అడుగుతున్నాయా?” అనేవాడు.

అంతటి వాదనాప్రియుడికి రిటైరయ్యాక ఒక కష్టం వచ్చిపడింది. వాదించడానికి మనిషి కరువయ్యాడు. రోజూ పొద్దున్న ఏడింటికి ఆరుగురు రిటైర్డ్ డాక్టర్లు రివర్‌వాక్ వెంట నడుస్తారు. రెండువేల ఇరవై ఎన్నికలప్పుడు ఆ నడకలో పుట్టిన గొడవ ఇళ్ళదాకా పోయి, ఒకరి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి ఇంకొకరిని పిలవకపోవడందాకా వచ్చింది. అప్పటినుంచి గుంపు పెద్ద రాధాకృష్ణ, కిడ్నీ డాక్టరు, ఒక కట్టడి పెట్టాడు. ఇక మాట్లాడితే మోకాళ్ళ గురించి మాట్లాడాలి, మనవల గురించి మాట్లాడాలి, కరివేపాకు మొక్కను చలికాలం దాటించడం గురించి మాట్లాడాలి. రాజకీయం మాత్రం ఎత్తకూడదు. యజ్ఞనారాయణకు ఉప్పులేని పప్పు తిన్నట్టుండేది.

మిగిలింది శ్రీరామ్ ఒక్కడే. గుంటూరులో హాస్టల్ గదిలో కలిసి ఉన్నవాడు, థార్న్‌డేల్‌లో ఒకే వార్డులో పనిచేసినవాడు. యజ్ఞనారాయణ వచ్చేసినా తాను మాత్రం అక్కడే ఉండిపోయి, ఊరి డాక్టరుగా రిటైరయ్యాడు. యజ్ఞనారాయణది లేబర్ పార్టీ, శ్రీరామ్‌ది కన్సర్వేటివ్. ప్రతి ఆదివారం ఇక్కడ ఉదయం తొమ్మిదికి, అక్కడ మధ్యాహ్నం మూడుకి ఫోన్ మోగేది. గంటసేపు తిట్టుకుని, ఇద్దరూ ఆరోగ్యంగా ఫోన్లు పెట్టేసేవారు.

రెండువేల ఇరవై నాలుగు మే నెలలో బ్రిటన్‌లో ఎన్నికలు ప్రకటించారు. తేదీ జులై నాలుగు. ఎప్పుడో దేశం వదిలి వెళ్ళిన పౌరులు కూడా తాము చివరగా ఉన్న ఊళ్ళో ఓటు వేయొచ్చని ఆ ఏడాదే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఈ సంగతి యజ్ఞనారాయణ రివర్‌వాక్ మీద ప్రకటించగానే ఆరుగురూ ఆగిపోయారు.

“అయితే నీ వోటు ఎవరికోయ్?” అన్నాడు రాధాకృష్ణ.

“పాలిటిక్స్ బ్యాన్ కదా మన దగ్గర?”

“బ్యాన్ చేసింది ఈ దేశం పాలిటిక్స్. ఆ దేశానివి కాదుగా!”

అంతే, నాలుగేళ్ళుగా బిగబట్టినవాళ్ళందరి నోళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఎవరూ అనుకోలేదు. విమానం మారడానికి తప్ప లండన్‌లో కాలుపెట్టని రాధాకృష్ణ అక్కడి వలసల మీద ముప్పావు మైలు ఉపన్యసించాడు. అందరూ తిట్టేది బ్రిటన్ నాయకుల్నే అయినా, ఎవరు ఎవర్ని దృష్టిలో పెట్టుకుని తిడుతున్నారో అందరికీ తెలుసు. యజ్ఞనారాయణకు పదేళ్ళు వయసు తగ్గింది.

వయసు తగ్గితే తగ్గింది గానీ బుద్ధి మారలేదు. ఓటరుగా పేరు నమోదు చేసేటప్పుడు ఇంటిపేరూ పేరూ తారుమారయ్యాయని థార్న్‌డేల్ ఎన్నికల ఆఫీసుకు మూడు ఈమెయిళ్ళు రాశాడు. వాదించి గెలిచాడు కూడా. గెలిచేసరికి పోస్టులో ఓటు పంపే గడువు దాటిపోయింది. మిగిలింది ప్రాక్సీ. అంటే, మన తరఫున ఆ ఊళ్ళో ఇంకొకరు బూత్‌కి వెళ్ళి, మనం చెప్పినవాళ్ళకు ఓటు వేయాలి.

థార్న్‌డేల్‌లో తెలిసినవాళ్ళ పేర్లు కాగితం మీద రాసుకున్నాడు. పదకొండు పేర్లు. పది కొట్టేయాల్సి వచ్చింది, వాళ్ళలో కొందరు ఊళ్ళో లేరు, కొందరు లోకంలోనే లేరు. మిగిలిన ఒక్క పేరు శ్రీరామ్.

“దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంటుంది,” అన్నాడు ప్రమోదతో.

“అన్నయ్యగారు కాకపోతే ఇంకెవరున్నారండీ మనకక్కడ? నేను ఆయన పేరే ఇచ్చేశాను,” అంది ప్రమోద. అప్పటికే ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి, గాజు తలుపు మూసి, తన ఓటు ఎవరికో శ్రీరామ్‌కి చెప్పేసింది కూడా.

“ఎవరికి?”

“నా వోటండీ అది.”

“అదే, ఎవరికి?”

“చెప్పాగా, నాది.”

నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో భార్య ఏ పార్టీయో తనకు తెలియదని ఆయనకు ఆ రోజే తెలిసింది. నాలుగు రోజులపాటు గుచ్చిగుచ్చి అడిగాడు. ఆవిడ నాలుగు రోజులూ గోంగూర పచ్చడి చేసి పెట్టింది.

శ్రీరామ్ ప్రాక్సీకి ఒప్పుకున్నాడు. అతనికి అప్పటికి నెల కిందటే తుంటి మార్పిడి ఆపరేషన్ అయింది. దానికోసం ప్రభుత్వ ఆసుపత్రి క్యూలో పద్నాలుగు నెలలు ఉన్నాడు. అప్పుడు అక్కడ అధికారంలో ఉన్నది అతని కన్సర్వేటివ్ పార్టీయే. ఆ సంగతి యజ్ఞనారాయణకు తెలుసు. తెలుసు కాబట్టే దాన్ని ఆయుధంగా వాడుకున్నాడు. “పద్నాలుగు నెలలు కుంటుకుంటూ తిరిగావురా! అయినా మళ్ళీ వాళ్ళకేనా నీ వోటు? సిగ్గులేదూ?” అని ప్రతి ఫోన్‌లోనూ దెప్పేవాడు. తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయన్నట్టు, శ్రీరామ్ తుంటి సంగతి వదిలేసి పన్నుల మీదికి పోయేవాడు.

జూన్ ఇరవయ్యారుతో ప్రాక్సీ పెట్టుకునే గడువు కూడా అయిపోయింది. ఆ మర్నాటినుంచి యజ్ఞనారాయణను పురుగు తొలవడం మొదలైంది. బ్యాలెట్ రహస్యం. వీడు లోపలికి వెళ్ళి ఎవరికి గుర్తు పెట్టినా దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. అసలు వెళ్ళకపోయినా అడిగే నాథుడు లేడు.

ముప్పయ్యో తేదీ ఆదివారం. ఫోన్‌లో ఉండబట్టలేక అనేశాడు.

“ఒరేయ్, వోటు వేసి పెట్టెలో వేసేముందు ఒక్క ఫోటో తీసి వాట్సాప్ చెయ్యరా.”

“బూత్‌లో ఫోటో తీస్తే ఇక్కడ తప్పురా,” అన్నాడు శ్రీరామ్. “అది అలా ఉంచు. ఇన్నేళ్ళ తర్వాత నా దగ్గర ప్రూఫ్ అడుగుతున్నావా నువ్వు?”

“అలా కాదురా, జస్ట్...”

లైన్ కట్ అయింది.

సోమవారం చేస్తే ఎత్తలేదు. మంగళవారమూ అంతే. బుధవారం శ్రీరామ్ భార్య ఉమ ఎత్తింది. “ఆయన పడుకున్నారన్నయ్యా,” అంది. వెనకాల శ్రీరామ్ టీవీ మీద కేకలేస్తున్నట్టు వినిపిస్తూనే ఉంది.

యజ్ఞనారాయణకు ముద్ద దిగలేదు. పోయేది ఓటొక్కటే అనుకుని సరిపెట్టుకోబోయాడు. వచ్చే ఆదివారం తొమ్మిదింటికి ఎవరితో మాట్లాడాలన్న ఆలోచన రాగానే ఆ సరిపెట్టుకోవడం కూడా కుదరలేదు. భయమేసింది. వార్డులో తొలి చలికాలం, కోటు లేని రోజుల్లో, శ్రీరామ్ ఒక్క కోటునే ఇద్దరూ డ్యూటీలు మార్చుకుని వేసుకున్నారు. అలాంటివాణ్ణి ఫోటో అడిగాడు. తన నోటిని తానే తిట్టుకున్నాడు. ఒకరు తిడితే ఊరుకునేవాడు కాదు, అది వేరే సంగతి.

జులై నాలుగు రానే వచ్చింది. విద్య ఇంట్లో పండగ. అల్లుడు దేవ్ పెరట్లో గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులూ పనీరూ కాలుస్తున్నాడు. నడక గుంపంతా వచ్చింది. థార్న్‌డేల్‌లో రాత్రి పదికి పోలింగ్ ముగుస్తుంది, అంటే ఇక్కడ సాయంత్రం నాలుగు. రాధాకృష్ణ అడక్కపోయినా టైము చెబుతున్నాడు.

“ఇంకో గంటా ఇరవై నిమిషాలుందోయ్!”

పదిహేనేళ్ళ మనవరాలు అనిక వచ్చి పక్కన కూర్చుంది. “తాతయ్యా, టుడే మనం బ్రిటిష్‌వాళ్ళని అవుట్ చేసిన డే కదా. నువ్వు వాళ్ళ ఎలక్షన్‌కి ఎందుకు అంత శాడ్?”

“నీకు తెలీదమ్మా,” అన్నాడు. ఆయన సంభాషణను అంత చిన్నగా ముగించడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. వెళ్ళి అమ్మమ్మకు చెప్పింది. ప్రమోద వచ్చి ఆయన చేతిలో ఒక పొత్తు పెట్టి, “నేను నిశ్చింతగా ఉన్నాగా, నాదీ ఆయన చేతిలోనే ఉంది,” అని వెళ్ళిపోయింది.

మూడు దాటి పది నిమిషాలకు ఫోన్ మోగింది. వీడియో కాల్. తెరమీద శ్రీరామ్ కనిపించాడు. ఇంటి గుమ్మం లోపల, వాకర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తలమీంచి నీళ్ళు కారుతున్నాయి.

“వేశాను,” అన్నాడు. “నీది నువ్వు చెప్పినవాడికి. ప్రమోదమ్మది ఆవిడ చెప్పినవాళ్ళకి. ఆవిడది మాత్రం అడక్కు.”

యజ్ఞనారాయణకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. దిగగానే పాత బుద్ధి తల ఎత్తింది. “మరి నీది? ముందు నీదే వేసుకునుంటావుగా?”

“నాదా? నాది రెండు వారాల కిందటే పోస్టులో పంపేశానురా. ఆపరేషన్ అయినవాణ్ణి కదా.”

ఆయన ఆ మాటను రెండుసార్లు తిప్పి తిప్పి చూసుకోవాల్సి వచ్చింది. ఈలోగా పక్కనుంచి ఉమ గొంతు వినిపించింది. “పొద్దుటినుంచీ కుండపోత వాన అన్నయ్యా! వాన తగ్గుతుందేమోనని రాత్రిదాకా చూశాం. టాక్సీ పిలిచి, నాలుగు మెట్లు దింపడానికి పావుగంట పట్టింది. పంటి బిగువున నొప్పి పట్టుకుని వెళ్ళారు. ఎందుకూ అంటే, లేబర్‌కి వోటేయడానికట! విన్నవాళ్ళు నవ్విపోతారు!”

యజ్ఞనారాయణ లేచి, ఫోన్ పట్టుకుని గరాజ్ వెనక్కి వెళ్ళాడు. అక్కడ చెత్తడబ్బాలు తప్ప ఎవరూ లేరు. యజ్ఞనారాయణ తరఫున వేసిన ఓటుతో శ్రీరామ్ సొంత కన్సర్వేటివ్ ఓటునే కొట్టేసుకున్నాడు. అది కూడా కుంటుకుంటూ వెళ్ళి. ఇంట్లో కూర్చుంటే అడిగేవాడే లేడు.

“ఒరేయ్,” అన్నాడు. “నీ ప్లేస్‌లో నేనుంటే వెళ్ళేవాణ్ణి కాదురా. వాన అనో, నొప్పి అనో చెప్పి ఇంట్లో కూర్చునేవాణ్ణి. నిజం చెప్తున్నా.”

“తెలుసు,” అన్నాడు శ్రీరామ్. “అందుకే డెబ్భై రెండు నుంచీ నిన్ను ఒక్క పనీ అడగలేదు.”

పెరట్లోంచి నవ్వులూ, ఎవరో పిల్లలు కాల్చిన టపాకాయల చప్పుడూ వినిపించాయి. యజ్ఞనారాయణ కళ్ళు తుడుచుకున్నాడు. తెరమీద వాకర్‌ని, దాని మీద బరువు మోపిన స్నేహితుడి చేతుల్ని చూశాడు. నెలన్నరగా ఆ తుంటిని పట్టుకుని వాదించాడు. ఒక్కనాడూ దాని గురించి అడగలేదు. గుండె డాక్టరుకు సిగ్గనిపించింది.

“ఏ పక్కదిరా ఆపరేషన్?” అని అడిగాడు.

“కుడిది,” అన్నాడు శ్రీరామ్. “ఇప్పటికడిగావు.”

“కూర్చో ముందు. కూర్చుని మొదట్నుంచీ చెప్పు.”

శ్రీరామ్ కుర్చీలో కూలబడి, మొదట్నుంచీ చెప్పాడు. నాలుగవడమూ, రాధాకృష్ణ అటునుంచి గట్టిగా కేకేయడమూ ఇద్దరూ పట్టించుకోలేదు. గంటసేపు యజ్ఞనారాయణ మాట్లాడకుండా విన్నాడు. ఒకే ఒక్కసారి అడ్డొచ్చాడు, అదీ ఆ సర్జను కుట్లు వేసిన పద్ధతి తప్పని చెప్పడానికి.