రెండు గొర్ల గడ్డి

నలభై ఏళ్ళు దాటేదాకా, పైసలిచ్చి గడ్డి నాటించుకునే మనుషులు ఉంటారని కాటయ్యకు తెలియదు. గడ్డి వానకు మొలుస్తుంది, గొర్లు మేస్తాయి, మిగిలింది ఎండకు మాడిపోతుంది. అంతే. ఆయనది మోతె. తాతల నాటి నుంచి ఇంట్లో గొర్లే. ఏ చెరువు కింద ఏ నెలలో ఏం మొలుస్తుందో, ఏది మేస్తే పాలు దిగుతాయో, ఏది మేస్తే కడుపుబ్బుతుందో ఎవరో చెబితే నేర్చుకున్నది కాదు. మంద వెనక నడిచి నడిచి తెలిసింది.

పంతొమ్మిది వందల అరవై రెండులో మృగశిర వానలు జోరుగా పడ్డాయి. లేతగడ్డి మోకాలెత్తు వచ్చింది. మంద కడుపునిండా మేసింది. మూడోనాడు పొద్దున్నే, దొడ్లో అన్నిటికన్నా బలిసిన పొట్టేలు ఒక్కసారి ఎగిరి కిందపడి కాళ్ళు కొట్టుకుంది. కాటయ్య దగ్గరికి చేరేలోపే ప్రాణం పోయింది. చిటుక రోగం, లేతగడ్డి మితిమీరి మేస్తే వచ్చేది. తొమ్మిది రోజుల్లో అరవై గొర్లలో నలభై మూడు పోయాయి. మిగిలినవాటి మొహం చూడలేక, వచ్చిన ధరకు ఆత్మకూరు మనిషికి ఇచ్చేసి, భార్య సత్తమ్మను తీసుకుని సూర్యాపేటకు వచ్చేశాడు. సీతారామయ్య సేటు ధాన్యం దుకాణంలో ఆయనకు బస్తాలు మోసే పని, ఆమెకు చెరిగే పని దొరికాయి.

రెండేళ్ళు గడిచాయి. సేటు బెజవాడ రోడ్డు మీద కొత్త ఇల్లు కట్టాడు. ఇంటి ముందు రెండు వందల గజాల జాగా ఖాళీగా వదిలాడు. వడ్లు ఆరబోయడానికేమో అనుకున్నారు హమాలీలు. ఒకరోజు హైదరాబాద్ నుంచి తెల్లటోపీ పెట్టుకున్న తోటమాలి దిగాడు. టేపు పట్టి జాగా కొలిచాడు. సగం ఉర్దూలో, సగం ఇంగ్లీషులో సేటుకు ఏదో చెప్పాడు, చాయ్ తాగి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

వారం తర్వాత గుమాస్తా అచ్చయ్య వచ్చి, సేటు రమ్మంటున్నాడని కాటయ్యను పిలిచాడు. ఏం తప్పు జరిగిందో అనుకుంటూ భుజం మీది గోనె తీసి చేతిలో పట్టుకుని వెళ్ళాడు కాటయ్య.

"నీకు గరిక ఎరికేనా?" అని అడిగాడు సేటు.

"ఎరుక లేకేంది సేటు."

"ముతకది గాదు. సన్నగ, పట్టు లెక్క ఉండాలె. ఏడ దొరుకుతది?"

"మా మోతె చెరువు అలుగు కింద ఉంటది. గని ఇప్పుడు నాకు గొర్లు లేవు గద."

"గొర్లకు గాదయ్యా. గీ జాగ నిండ నాటాలె."

కాటయ్య జాగా వంక చూశాడు. "ఆవును తెస్తున్నరా సేటు?"

"ఆవు లేదు, బర్రె లేదు. ఊకెనే. ఇంటి ముందట పచ్చగ కనబడాలె. నాటి, పెంచి, అంతట సమానంగ చేసి అప్పజెప్పాలె. ఎంత తీస్కుంటవో చెప్పు."

బస్తాకు ఇంత అని దుకాణమే చెప్పేది, కాటయ్య మోసేవాడు. తన కష్టానికి తాను ధర కట్టడం ఆయన ఎన్నడూ ఎరుగడు. పుట్టి బుద్ధెరిగాక సొంతంగా ధర చెప్పింది గొర్లకే. అందుకని నోటికి అదే వచ్చింది.

"రెండు గొర్లియ్యిండ్రి."

సేటు కళ్ళజోడు తీశాడు. "మా ఇంట్ల గొర్లేడియి?"

"గొర్లు గాదు సేటు. రెండు గొర్ల పైసలు."

సీతారామయ్య వంశంలో గొర్రెను కొన్నవాళ్ళు లేరు, వండినవాళ్ళు అసలే లేరు. ధర కనుక్కు రమ్మని అచ్చయ్యను అంగడికి పంపాడు. అచ్చయ్య చీటీ మీద మూడు ధరలు రాసుకొచ్చాడు. ఒట్టి గొర్రె ఇరవై రెండు, పిల్లతల్లి ముప్పై, కడుపుతో ఉన్న సూడిది ముప్పై రెండు.

"ఇండ్ల నువ్వన్నది ఏ గొర్రె?" అన్నాడు సేటు.

అంతదూరం కాటయ్య ఆలోచించలేదు. ఎక్కువ ధరది చెబితే ఆశపోతు అనుకుంటారు. తక్కువ ధరది చెబితే ఇంటికి పోయాక సత్తమ్మ ఊరుకోదు. "సూడిదే అనుకుంటి" అని గొణిగాడు.

"అరవై నాలుగు. పో, పని సురువు చెయ్యి" అన్నాడు సేటు.

ఇది కాటయ్యను ఇంకా తికమక పెట్టింది. గోనెసంచీ చిరుగు దగ్గర కూడా బేరమాడే మనిషి, ఒక్క మాట అనలేదు.

పని మాత్రం ఆయన చేతికి వెంటనే పట్టుబడింది. నేల జానెడు లోతు తవ్వి రాళ్ళు ఏరాడు. రెండు బండ్ల గొర్రె ఎరువు తోలించి కలిపాడు. అలుగు కింది గరికను వేళ్ళతో పెళ్ళగించి, తడిగోనెలో చుట్టి మోతె నుంచి బస్సు మీద తెచ్చాడు. కణుపు కణుపుగా తుంచి, సత్తమ్మా తానూ నాలుగు వేళ్ళ ఎడంగా నాటారు. రెండు పూటలా నీళ్ళు పట్టారు.

నాటుతూ నాటుతూ సత్తమ్మ అడిగింది. "పెరిగినంక ఏం జేస్తరు?"

"కోస్తరట."

"కోసి?"

"పారేస్తరట."

ఆమె చేతిలో కణుపును కాసేపు చూసింది. "మరి పెంచుడెందుకయ్యా?"

"గదే నాకు తెల్వదు" అన్నాడు కాటయ్య.

రెండు నెలలకు జాగా అంతా పచ్చగా కమ్ముకుంది. రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. సేటు చుట్టూ తీగ కట్టించి, గడ్డిని ఎవరూ తొక్కొద్దన్నాడు. సేటు భార్య కన్యకమ్మ ఆ జాగాలో మల్లెపొదలు, వంగమొక్కలు పెట్టుకుందామనుకున్న మనిషి. ఆమె కూడా గేటు దగ్గరి చెట్టు పూలు తెంపుకొచ్చేటప్పుడు గోడవెంట ఓరగా నడిచేది. కొడవలితో గడ్డిని సమానంగా కోసినందుకు నెలకు ఐదు రూపాయలు కాటయ్యకు వేరుగా ఇచ్చారు. కోసిన గడ్డిని పారేయడానికి చేతులు రాక, దార్లో ఎవరి బర్రె కనబడితే దానికి వేసేవాడు.

ఒకసారి రోడ్డు మీద పోతున్న మందలోంచి ఐదారు గొర్లు తీగ కిందికి మూతులు పెట్టాయి. కాటయ్య కట్టె తీసుకుని అదిలించాడు. వెనక వస్తున్న కాపరి బీరయ్య ఎరిగినవాడే.

"ఏందన్నా, మందల పుట్టినోనివి. గడ్డికాడ గొర్రెను కొడ్తున్నవా?" అన్నాడు.

కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. కాటయ్యకూ అర్థం కాలేదు. కట్టె కిందపడేసి లోపలికి వచ్చాడు.

అరవై ఎనిమిదిలో కోదాడ నుంచి నర్సింగరావు అనే మిల్లు యజమాని కబురు పెట్టాడు. సేటుకు వ్యాపారంలో తెలిసినవాడు. సూర్యాపేటలో గడ్డిని చూసి, తన ఇంటి ముందూ కావాలన్నాడు. కాటయ్య వెళ్ళి జాగా చూశాడు.

"సీతారామయ్యగారికి ఎంతకి చేశావు?" అని అడిగాడు నర్సింగరావు.

"రెండు గొర్లకు సారు. సూడియి."

నర్సింగరావు నవ్వి, నవ్వు ఆపుకుని, కాటయ్య మొహంలోకి చూశాడు. "హైదరాబాద్ మాలి ఆయన్ని మూడొందలు అడిగాడంట. పైగా నెలకి నలభై జీతం. అంత పెట్టలేకే నిన్ను పెట్టుకున్నానని ఆయనే చెప్పాడు నాతో. నీకు తెలీదా?"

కాటయ్య తెలియదన్నట్టు తల ఊపాడు. తర్వాత నర్సింగరావు గేటు పక్కన ఏం నాటాలో, బావి దగ్గర ఎంత వదలాలో చెబుతూనే ఉన్నాడు. కాటయ్య చెవిలో పడలేదు. చివరికి "మరి నాకు ఎంతకి చేస్తావు?" అని అడిగితే, "గదే ఇయ్యిండ్రి" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే నర్సింగరావు సరేనన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాడు. మోసపోయాడా? సేటు అబద్ధం చెప్పలేదు. ధర తానే చెప్పాడు, సేటు ఒక్క పైసా తగ్గించలేదు. మరి ఎవరి మీద కోపం రావాలి? మూడు వందలంటే తొమ్మిదికి తగ్గకుండా గొర్లు. తొమ్మిది గొర్లంటే చిన్న మంద. ఒక ఇంటి ముందు గడ్డి నాటితే చిన్న మంద వస్తుందా? వస్తుందనుకుంటే పిచ్చి మాటలా ఉంది. రాదనుకుంటే, ఆ తెల్లటోపీ మనిషి పిచ్చివాడిలా కనబడలేదు మరి.

మర్నాడు సేటును అడిగేశాడు.

"హైదరాబాద్ మాలి మూడు వందలు అడిగిండట గద సేటు."

"అడిగిండు."

"నాకు అరవై నాలుగు ఇస్తిరి."

"నువ్వడిగిందే గద ఇచ్చిన. ఒక్క రూపాయన్న తక్కువ జేసిన్నా?"

"చెయ్యలే."

"మరి?"

సేటు మొహంలో కోపం లేదు, తప్పు చేసిన జంకూ లేదు. కాటయ్యకు ఏం కావాలో సేటుకు నిజంగానే తెలియనట్టుంది. తర్వాత కాటయ్య కొడవలి తీసుకుని గడ్డిలోకి వెళ్ళాడు.

కన్యకమ్మ వరండాలోంచి ఇదంతా విన్నది. గోడ పక్క నుంచి వచ్చి, తీగ అవతల నిలబడి గొంతు తగ్గించి అన్నది. "కాటయ్యా, ఇగ ముందట ఎవరన్న అడిగితే రెండు అనకు. ఆరు గొర్లు అను."

"పని గదే గద అమ్మా."

"పని గదే. అడిగేటోల్లు వేరే."

ఆరు అనే మాట కాటయ్య నోటికి అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. బస్తా ఎత్తుతూ లోలోపల అనుకునేవాడు. అనుకున్న ప్రతిసారీ దొంగతనం చేసినట్టుండేది.

సాగర్ కాలువ వచ్చాక మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లులు పెరిగాయి, కొత్త ఇళ్ళూ లేచాయి. డెబ్బై ఒకటిలో అక్కడి నుంచి పుష్పావతి అనే ఆమె పిలిపించింది. మిల్లు భర్తదే అయినా, ఇంటి పనులన్నీ ఆమె మాట మీదే నడిచేవి. కాటయ్య గేటులో అడుగు పెడుతూనే, ఆమె అడగకముందే, "ఆరు గొర్లు అమ్మా" అన్నాడు.

ఆమెకు విషయమంతా విడమరిచి చెప్పాల్సి వచ్చింది. విని, "గొర్ల లెక్క నాకు రాదు గని, కూసో" అని ఒక కాగితం తెచ్చుకుంది. ఎన్ని రోజులు పడుతుంది, ఎరువు ఎన్ని బండ్లు, గరిక తేవడానికి కిరాయి ఎంత, తోడుగా ఎవరు పనిచేస్తారు అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. అంతా కలిపితే నూట ఎనభై ఐదు తేలింది.

"సరిపోతదా?" అన్నది.

కాటయ్య వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. "గిప్పటి ధరకు నాలుగున్నర గొర్లయితయి. సగం గొర్రె ఏందో నాకు సమజైతలేదు. గని సరిపోతది."

పని సులువుగా సాగలేదు. అది కాలువ నీళ్ళు ఊరి చౌడు తేలిన నేల. నాటిన ఇరవై రోజులకు గరిక పసుపెక్కి చేతితో పీకితే ఊడి వచ్చింది. గడ్డి విషయంలో కాటయ్యకు ఎన్నడూ అట్లా కాలేదు. సత్తమ్మతో కలిసి మళ్ళీ నేలంతా తవ్వి, చెరువు మట్టి బండ్లతో తోలించి పోశాడు. ఆ కిరాయి తన చేతి నుంచే పోతుందనుకున్నాడు. పుష్పావతి బండి వాళ్ళను గేటు దగ్గరే ఆపి తానే ఇచ్చి పంపింది. ఎందుకిచ్చిందో ఆయనకు తెలియలేదు, అడగాలంటే జంకు కలిగింది.

రెండోసారి గడ్డి నిలిచింది. మొదటి కోతకు వెళ్ళినప్పుడు సాయంత్రం నాలుగైంది. గేటు తీసి కాటయ్య అక్కడే ఆగిపోయాడు. గడ్డి మీద కుర్చీలు వేసి ఉన్నాయి. పిల్లలు పొర్లుతున్నారు. పుష్పావతి అత్తగారు చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా నడుస్తోంది. ఎవరూ వద్దనడం లేదు. ఏడేళ్ళుగా గడ్డి వేస్తున్నాడు గానీ, కోసే తన అడుగు తప్ప దాని మీద మనిషి అడుగు పడటం ఆయన చూడలేదు.

"నువ్వు గూడ కూసో కాటయ్యా, చాయ్ తెస్త" అన్నది పుష్పావతి.

ఆయన అంచున కూర్చున్నాడు. ధోతికి తడి తగిలింది. తర్వాత ఏం చేయాలో ఎవరైనా చెబుతారని ఎదురుచూశాడు. ఎవరూ చెప్పలేదు. చాయ్ వచ్చింది, తాగాడు. ఇంకాసేపు కూర్చున్నాడు. పొద్దు వాలింది. ఆ పూట కొడవలి పట్టనే లేదు.

గడ్డి ఎందుకో తెలిసిందని ఇంటికి వచ్చి చెప్పాడు. సత్తమ్మ అడిగింది. "ఎందుకట?"

"కూసుంటరు."

"కూసోని?"

"ఊకె కూసుంటరు."

"గంతేనా? దానికి నూట ఎనభై ఐదా?"

"ఏమోనే. సల్లగుంటది. లేవబుద్ధి గాదు."

ఆమె నమ్మలేదు. మరుసటి నెల కోతకు తానూ బయలుదేరింది. ఇంటివాళ్ళు పెళ్ళికి వెళ్ళారు, ఇంట్లో ముసలమ్మ ఒక్కతే ఉంది. సత్తమ్మను కూర్చోమన్నది. సత్తమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, కాళ్ళు చాపి గడ్డి మీద కూర్చుంది. చేత్తో అటూ ఇటూ నిమిరింది. కాటయ్య ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు. మంచిగుంది అంటుందో, ఇదేం చోద్యం అంటుందో ఆయనకు అంతుపట్టలేదు.

ఆమె చాలాసేపు అట్లాగే కూర్చుని, వంగి గరిక మధ్యలోంచి కలుపుగా మొలిచిన రెండు తుంగమొక్కలను గడ్డలతో సహా పీకి ఆయన చేతిలో పెట్టింది.

"గివి కనబడలేదా?" అన్నది.