నా కంప్యూటర్లో మాస్టారి చిప్పు

మాస్టారు పోయారని ఏలూరు నుంచి ఆయన బావమరిది ఫోను చేశారు. గుండెపోటట. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. "పెద్దకర్మ కార్డులు మీరే వెయ్యాలండీ, అక్క మీ దగ్గరే వేయించమంది," అన్నారు. సరేనండీ అన్నాను. ఫోను పెట్టేశాక కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. తాడేపల్లిగూడెంలో ఈ డీటీపీ సెంటరు పెట్టినప్పటి నుంచి ఎంతమంది పేర్ల ముందు 'కీర్తిశేషులు' అని కొట్టానో నాకే తెలియదు. ఈ మధ్య శుభలేఖల కంటే ఈ కార్డులే ఎక్కువైనట్టు అనిపిస్తోంది. అయినా మాస్టారి పేరు ముందు ఆ మాట కొట్టడానికి వేళ్లు రాలేదు.

నాకు కంప్యూటరు నేర్పింది ఆయనే. ఏలూరులో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పేవారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చొక్కా జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా పెన్సిలు చెరిపే రబ్బరు మాత్రం ఉండేది. కంప్యూటరు లేవకపోతే ముందు ర్యామ్ ఊడదీసి, దాని అంచు ఆ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టేవారు. సగం జబ్బులు అక్కడే పోయేవి. తెరమీద ఏదైనా ప్రశ్న రాగానే మేం చదవకుండా 'ఎస్' నొక్కేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "చదివాకే నొక్కండి బాబూ, అది మిమ్మల్నే అడుగుతోంది," అనేవారు. ఎవరైనా హడావిడి పెడితే "తొందరగా ఉందా అండీ? అయితే రేపు చేద్దాం," అని లేచిపోయేవారు. ఒళ్లు మండిపోయేది నాకు.

బయోస్ గురించి ఆయన చెప్పిన పాఠం ఇప్పటికీ గుర్తుంది. కంప్యూటరు నిద్ర లేవగానే తన కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో తడుముకుంటుందట. ఎలా తడుముకోవాలో మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో రాసి ఉంటుంది, అదే బయోస్. దాన్ని చెరిపి కొత్తది రాయొచ్చు. కానీ రాస్తుండగా మధ్యలో కరెంటు పోయిందా, ఇంక ఆ బోర్డు తానెవరో మర్చిపోతుంది. ఆ పని జోలికి వెళ్లే ముందు వందసార్లు ఆలోచించుకోమని చెప్పిన మనిషికే నా షాపులో ఆ గతి పట్టింది.

చాలా ఏళ్ల కిందటి మాట. మాఘమాసం ముహూర్తాలు. చేతినిండా శుభలేఖలు. నా కంప్యూటర్లో హార్డ్‌డిస్కు నిండిపోయింది. పెద్దది కొని పెడితే పాత బోర్డు దాన్ని గుర్తుపట్టనంది. ఆ బోర్డుకి కొత్త బయోస్ ఇవ్వడం కంపెనీ ఎప్పుడో మానేసింది. ఎవరో పరాయి దేశపాయన పాత బయోస్‌లోనే మార్పులు చేసి నెట్‌లో పెట్టాడట. మాస్టారింట్లో కంప్యూటరుదీ అదే బోర్డు. ముందు దానిమీద రాసి చూసుకుని, బాగా పనిచేశాక ఫ్లాపీ పట్టుకుని ప్యాసింజరెక్కి వచ్చారు. పని ఆగితే నా షాపు మూతే. ఎదురుగానే ఇంకో సెంటరు కాచుకుని కూర్చుంది.

ఆ రోజుల్లో ఏలూరులో కరెంటు కోత పొద్దున, మా గూడెంలో మధ్యాహ్నం. ఆయన ఇంటి దగ్గర కోత అయ్యాకే బయల్దేరారు. ఇవాళ్టి కోత అయిపోయిందన్న ధీమా కూడా ఆయనతోపాటే రైలెక్కి వచ్చింది. నేను కార్డులు తేవడానికి బజారుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఫ్యాను ఆగిపోయి ఉంది. బయోస్ సగం రాస్తుండగానే యూపీఎస్ కుయ్యోమని అరిచి చల్లారిపోయిందట. మాస్టారు కీబోర్డు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నారు.

"ఏవండీ, మీ ఊళ్లో కోత ఇంకా అవలేదా?" అన్నారు.

"మాకు మధ్యాహ్నం కదండీ మాస్టారూ!"

కరెంటు వచ్చాక స్విచ్చి వేశాం. తెర నల్లగా ఉంది. ఎన్నిసార్లు వేసినా అంతే. "కొంప మునిగిందండీ, పెళ్లివాళ్లకి ఏం చెప్పను?" అని తల పట్టుకున్నాను.

"తప్పు నాదేనండీ. సాయంత్రానికల్లా వస్తాను, ఎవరికీ ఏమీ చెప్పకండి," అన్నారు. చచ్చిన చిప్పుని జాగ్రత్తగా పీకి, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితంలో చుట్టి, జేబులో వేసుకుని స్టేషనుకి నడిచారు. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చారు. "మా ఇంటి బోర్డు మీద పెట్టి మళ్లీ రాశానండీ, బతికింది," అంటూ చిప్పు బిగించారు. కంప్యూటరు లేచింది. కొత్త డిస్కు కూడా కనబడింది. ప్రాణం లేచొచ్చింది నాకు. శుభలేఖలన్నీ అనుకున్న రోజుకే ఇచ్చాను, షాపు నిలబడింది. ఆ తర్వాత ఆయన ఎవరి బయోస్‌నీ ముట్టుకోలేదు. అడిగితే "ఓపిక లేదండీ" అనేవారు.

మొన్న కార్డు ప్రూఫు చూడడానికి తమ్ముణ్ని వెంటబెట్టుకుని మాస్టారి భార్య మేడంగారు వచ్చారు. కోత అప్పుడే అయింది. నేను కంప్యూటరు వేశాను. మొదట వచ్చే నల్లటి తెరమీద, కుడిపక్క పైమూల, ఎప్పటిలాగే ఆ చిన్న పక్షిబొమ్మ వచ్చింది. ఇన్నేళ్లూ దాన్ని ఆ పరాయి దేశపాయన బయోస్‌లో పెట్టుకున్న గుర్తే అనుకున్నాను.

మేడంగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఇది నేను గీసిన గూడబాతండీ! మాది కొల్లేటి లంక కదా. మౌసు పట్టుకోవడం నేర్పుతూ ఏదైనా గీయమన్నారు. దాన్ని తీసుకెళ్లి మా కంప్యూటర్లో పెట్టారు, స్విచ్చి వెయ్యగానే కనబడేది. ఇదిక్కడికెలా వచ్చిందండీ?"

అంతలోనే ఆవిడే అన్నారు, "ఒకనాడు గాభరాగా వచ్చి, మా కంప్యూటరు విప్పి, ఏదో పీకి పట్టుకెళ్లారు. అది మళ్లీ లేవలేదు. ఏమైందండీ అంటే, పాతదైపోయింది కదా అనేశారు."

ఒక్క మాట నాతో చెప్పకపోయారా మాస్టారూ. ఇన్నేళ్లు మీ చిప్పు మీద అన్నం తిన్నాను.

ప్రూఫు తెరిచాను. ఆవిడ దానివైపు చూడలేదు. "ఏవండీ, ఒక్కసారి ఆపి మళ్లీ వేస్తారా?" అన్నారు. ఆపి, కాస్త ఆగి వేశాను. ఆవిడ తెర దగ్గరికి జరిగారు. గూడబాతు వచ్చింది.

"ముక్కు మరీ పొడుగు గీశానండీ. దిద్దుతానంటే, ఉండనియ్యవే అన్నారు," అంటుండగానే అది మాయమైపోయింది.