అత్తగారి నీలి ముక్కు

ఆ వీధిలో తెల్లచొక్కా వేసుకునే మగాళ్లందరికీ ఇస్త్రీ అత్త అంటే హడల్. మరక పడ్డ బట్ట తెస్తే తెచ్చినవాణ్ణి ఉతికి ఆరేసేది. తన చేతిలోంచి వెళ్లిన బట్టమీద మచ్చ చూపించే మొనగాడు ఇంకా పుట్టలేదని ఆమె ధీమా.

అంతటి మనిషిని సొంత కోడలు గది గుమ్మంలోనే ఆపేసింది. లోపల బొడ్డైనా ఊడని మనవరాలు. వీధి నిండా దగ్గులూ జ్వరాలూ. ఇస్త్రీ కొట్లో ఉన్నంతసేపూ మాస్కు సరిగ్గా ఉంచుకుంటేనే పాపని ఎత్తుకోనిస్తానంది.

"పెట్టుకుంటూనే ఉన్నాగా?" అంది అత్త.

"గడ్డానికి పెట్టుకుంటున్నారత్తయ్యా. దగ్గు గడ్డంలోంచి రాదుగా."

అత్తకు ఒళ్లు మండింది. రేపు సాయంత్రం దాకా మాస్కుమీద చెయ్యి వేస్తే పాపని అడగనే అడగనని శపథం చేసింది. మర్నాడు పొద్దున్నే కోడలే నీలం మాస్కు తెచ్చి, అత్త చెవులకు తగిలించి, ముక్కుమీద తీగ నొక్కి పంపింది.

శపథం నిలిచిందనే అత్త నమ్మకం. ఇస్త్రీపెట్టె ఆవిరికి ముక్కు దురదపెడితే గోక్కోవడం లెక్కలోకి రాదు. బేరమాడే ప్లీడరు కోసం మాస్కు కిందికి లాగక తప్పలేదు, గుడ్డ చాటునుంచి తిడితే తిట్టులా ఉండదు మరి. టీ తాగినప్పుడు సరేసరి.

సాయంత్రం దర్జాగా వచ్చి, ముట్టుకుంటే ఒట్టు అంది. కోడలు అద్దం తెచ్చి పట్టుకుంది. ముక్కు నీలం, బుగ్గలు నీలం, పెదవులు కూడా నీలమే. తెల్లబట్టలకు అత్త రోజూ వాడే నీలిమందే చిటికెడు మాస్కు పైన రాసిందా మహాతల్లి!

అత్త నోరు తెరిచేలోగా డ్రిల్లు మేష్టారు తెల్లచొక్కా పట్టుకొచ్చాడు. కాలరు మీద నీలి బొటనవేలి ముద్ర.

"ఈ మచ్చ మా ఇంట్లో పడలేదత్తా," అన్నాడు వినయంగా.

నీలం కాబట్టి కనపడింది, కనపడని రోగం ఇంకెన్ని చొక్కాలెక్కిందోనని అత్త తన వేళ్లకేసి చూసుకుంది.

మర్నాడు నీలిమందు రాయమని తానే అడిగింది. రోజంతా కళ్లతోనే తిట్టింది. ఇంటికొచ్చి చెవి తాళ్లు పట్టుకుని మాస్కు తీసి చెత్తబుట్టలో పడేసి, మోచేతుల దాకా సబ్బుతో తోముకుని, అద్దం ముందు నిలబడింది. మచ్చ లేదు. కోడలు కొత్త మాస్కు ఇచ్చి, పాపని ఒళ్లో పెట్టింది.

అంతలో కొడుకు మాస్కు మెడకు వేలాడేసుకుని గుమ్మం దాటబోయాడు.

"అక్కడే ఆగరా," అంది అత్త పాపమీంచి చూపు తిప్పకుండానే. "ముందెళ్లి అద్దంలో నీ మీసం చూసుకో."

పొద్దున వాడి మాస్కు కూడా అత్త చేతుల మీదుగానే వెళ్లింది.